పసుపు గీత తెగని కట్ట

పోయిన వారం కనకలక్ష్మిని మనం ఒక కాగితం ముందు కూర్చోబెట్టి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. కాగితమూ అక్కడే ఉంది. మధ్యాహ్నం మూడు దాటింది.

"నల్లగండ్ల గ్రామ భూముల జాబితాను నేనే బయటివారికి అందజేశాను" అని అందులో టైపు కొట్టి ఉంది. కింద ఆమె పేరు, పేరు కింద సంతకానికి చోటు. నాలుగు గంటలకు సెక్రటేరియట్ నుంచి ఆఫీసరు జీపులో వస్తాడు. ఆలోగా సంతకం పెడితే ఉద్యోగం పోవడంతో సరి. పెట్టకపోతే అదే జీపు ఆమెను ఎక్కించుకుని పోలీస్ స్టేషన్ దారి పడుతుంది.

మదీనాగూడలో బొంబాయి రోడ్డును ఆనుకుని ఉన్న ఈ సర్వే కంప్యూటర్ కేంద్రంలో రెండు మిషన్లున్నాయి. ఒకటి ఓడలో వచ్చిన పాతది. రెండోది మన దేశంలోనే తయారై, మొన్న డెబ్బై ఎనిమిది ఆషాఢంలో లారీ దిగిన కొత్తది. ఫ్యాక్టరీల కోసం సర్కారు ఏ సర్వే నంబర్ల భూములు తీసుకోబోతోందో, ఆ జాబితా వారం వారం ఇక్కడే తయారవుతుంది. సర్కారు బయట పెట్టకముందే అది చేతిలో పడినవాడు రైతుల దగ్గర చవగ్గా కొని, తర్వాత ఆ సర్కారుకే నాలుగింతలకు ఇచ్చుకోవచ్చు.

దసరా వెళ్లిన పదో రోజున అది పడనే పడింది. స్కూటరు మీద తిరిగే బ్రోకరొకడు హఫీజ్‌పేటలో జాబితాలో ఉన్న గడపలు మాత్రమే ఎంచి ఎంచి తొక్కాడు. పాత మిషన్‌లో ఎవరో దొంగ ప్రోగ్రాం దూర్చి ఉంటారని సీనియర్ ప్రోగ్రామర్ రాజరాజేశ్వరి అనుమానపడింది. వెతుకులాటతో పొద్దు పుచ్చడం ఎందుకని కేంద్రం ఇన్‌చార్జి భీమేశ్వరరావు జాబితాను కొత్త మిషన్ మీదికి మార్చేశాడు. మార్చిన రెండో వారానికే బ్రోకరు నల్లగండ్లలో దిగాడు. కనకలక్ష్మి నాన్న పోచయ్య చెలకకు గట్టు పక్కనే ఉన్న సాయిలు, ఏడేళ్లు పెంచిన అనాబ్ ద్రాక్షతోటను వాడికి రాసిచ్చేసి, అసలు సంగతి తెలిశాక తల పట్టుకుని కూర్చున్నాడు. ఊళ్లో ఎవరూ బ్రోకరును తిట్టలేదు. "పోచయ్య బిడ్డ గా ఆఫీసులనే పనిచేస్తది గద" అన్నారు.

పొద్దున బస్సు కోసం నిలబడితే సాయిలు పెండ్లాం నీలమ్మ రెండడుగులు పక్కకు జరిగి నిలబడింది. తిట్టినా బాగుండేదని కనకలక్ష్మికి ఇప్పటికీ అనిపిస్తోంది.

"ఇంకా ఏం ఆలోచిస్తున్నావమ్మా?" అన్నాడు భీమేశ్వరరావు. ఆయనది కాకినాడ వైపు. కోపం వచ్చినా గొంతు పెరగదు. కళ్లజోడు తీసి జేబురుమాలుతో తుడిచి మళ్లీ పెట్టుకుంటాడు. అలా తుడవడం మొదలెట్టాడంటే ఎవరికో మూడిందని కేంద్రంలో అందరికీ తెలుసు. ఈ మధ్యాహ్నం అప్పటికి మూడుసార్లు తుడిచాడు.

"నేను చెప్పలే సార్. మా నాయన మీద ఒట్టు."

"ఒట్లు కంప్యూటర్‌కి ఎక్కవు. వరసగా చూద్దాం. బుధవారం నల్లగండ్ల నంబర్లు తొమ్మిది వచ్చాయి. వాటిని కార్డుల మీదికి పంచ్ చేసిందెవరు?"

"నేనే."

"శుక్రవారానికి ఆ బ్రోకరు ఎవరి ఊళ్లో ఉన్నాడు?"

"మా ఊర్లనే సార్. గాని మిషన్ల ఏమన్న ఉండొచ్చు గద. పాతదాంట్ల ఉన్నదనే గద మేడం అన్నది..."

"అది పాతది. ఇది కొత్తది. దాని భాష వేరు, దీని భాష వేరు. అక్కడి ప్రోగ్రాం తెచ్చి ఇక్కడ పెడితే ఇది ముక్క కూడా అర్థం చేసుకోదు. దానికొచ్చిన రోగం దీనికి అంటదు. కాబట్టి మిషన్ మంచిదే. ఇక చెడ్డవాళ్లెవరో నువ్వే చెప్పు."

కిటికీ దగ్గర నిలబడ్డ రాజరాజేశ్వరి ఇటు తిరిగింది. ముప్పై ఐదేళ్ల మనిషి, ఊరు బందరు, మాట మెత్తన. పదో తరగతి చదివి వచ్చిన కనకలక్ష్మికి కార్డులకు చిల్లులు పొడిచే పంచ్ మిషన్ మీద వేళ్లు పెట్టడం దగ్గర్నుంచి అన్నీ నేర్పింది ఆమే.

"అంటదని మనం అనుకోవడమే కదండీ. ఒకసారి విప్పి చూస్తే..."

"విప్పి చూడ్డానికి అదేమన్నా పనసకాయా రాజరాజేశ్వరి గారూ? దేశంలోకెల్లా శుభ్రమైన మిషన్ అని నేనే పైకి రాసి పంపాను. ఇప్పుడు విప్పి చూస్తున్నామని రాయమంటారా?"

ఫోను మోగింది. ఆయన విని పెట్టేశాడు. "జీపు కూకట్‌పల్లి దాటిందిట. నేను గేటు దగ్గరుంటాను. వచ్చేసరికి సంతకం అయి ఉండాలి." తన పెన్ను మూత తీసి, కాగితం మీద అడ్డంగా పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

పెన్ను పాళీ నుంచి సిరా ఒక చుక్క కాగితం మీదికి దిగింది. కనకలక్ష్మి దాన్నే చూస్తూ కూర్చుంది. మూడు రోజులుగా నాన్న కల్లు దుకాణం వైపు పోవడం లేదు. తాగకుండా ఉన్న పోచయ్యను చూస్తే ఇంట్లో వాళ్లకు భయమేస్తోంది.

"పెట్టకు కనకం" అంది రాజరాజేశ్వరి.

"పెట్టకుంటే ఠాణాకు కొండబోతరు అక్కా. మా నాయన ఠాణా మెట్లెక్కితే మళ్ల ఇంటికి రాడు. గుండె పలిగి ఆడనే పడతడు."

"పెడితే మాత్రం ఊళ్లో తలెత్తుకుంటాడా?"

కనకలక్ష్మి సిరా ఇంకా పాకకుండా పెన్నును కాగితం పక్కకు జరిపింది.

అప్పుడే మిషన్ గది తలుపు భుజంతో తోసుకుంటూ ఎల్లేశం బయటికొచ్చాడు. యాభై దాటిన మనిషి, హఫీజ్‌పేట వాడు, మిషన్‌లోకి కార్డులు పెట్టేదీ తీసేదీ అతనే. దుమ్ము పడకూడదని ఆ గదిలోకి ఎవరూ చెప్పులతో పోరు. ఎల్లేశం మాత్రం చెప్పుల్లేకుండానే ఇంటి నుంచి వస్తాడు. చేతిలో పొడుగాటి రేకు ట్రే ఉంది. అందులో కార్డుల కట్ట ఒకటి నిలువునా పేర్చి ఉంది. మిషన్ ఏం చేయాలో చెప్పే ప్రోగ్రాం అంతా, కార్డుకో వాక్యంగా, అలాంటి కట్టలోనే ఉంటుంది.

"ఏంది బిడ్డా, గిట్ల కూసున్నవ్? ఇంత చాయన్న తాగినవా?"

"ఏడికి కాకా గవి?"

"రద్దీ కాగితాలల్లకు. పాత మిషన్ కట్ట. ఇయ్యాల్నే, జీపు రాకముందే పంపియ్యమన్నడు సారు. నాకేమో మనసొప్పుతలేదు. దసరా నాడు నా చేత్తోని పసుపు వెట్టిన కట్ట. కాగితాలోనికి ఎట్లిస్త?"

ఆ పసుపు సంగతి కొంచెం చెప్పాలి. మిగతా చోట్ల కంప్యూటర్ వాళ్లు కార్డుల కట్ట పైఅంచు మీద పెన్సిల్‌తో ఏటవాలుగా ఒక గీత గీస్తారట. కట్ట చేజారి కార్డులు చెదిరితే, గీతను బట్టి మళ్లీ వరసలో పేర్చుకోవచ్చని. ఇక్కడ పెన్సిల్ గీత లేదు. దసరాకు ఆయుధ పూజ చేస్తూ ఎల్లేశం రెండు మిషన్లకూ బొట్లు పెట్టి, తడి పసుపులో రెండు వేళ్లు ముంచి, ప్రతి కట్ట మీదా ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే గీత లాగాడు. కార్డులు మిషన్ గొంతులో అంటుకుంటే ఏం కావాలని భీమేశ్వరరావు ఆ రోజు పులిహోర కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. "పసుపు అంటుకుంటే మిషన్ ఖరాబైతదా సారూ, పెండ్లి పిల్లనే ఖరాబ్ కాదు" అని ఎల్లేశం అంటే అందరూ నవ్వారు.

కనకలక్ష్మి ట్రే వైపు ఊరికే చూసింది. చూసిన కళ్లు అక్కడే నిలిచిపోయాయి. ఎండిన పసుపు గీతలో ఒకచోట సన్నగా తెల్ల దారాలు కనిపిస్తున్నాయి. పసుపు బట్ట నేసేటప్పుడు మధ్యలో వేరే నూలు పడ్డట్టు.

"కాకా, జర కింద వెట్టు."

గోటితో ఒక తెల్ల అంచును పైకి లాగింది. దాని మీద పసుపు చుక్క లేదు. పక్కది లాగింది. దానికీ లేదు. మొత్తం ఆరు వచ్చాయి.

"నేను ఒక్కటి కూడ ఇడిసిపెట్టలే" అన్నాడు ఎల్లేశం నొచ్చుకుంటూ. "ఒకటే గీత. చెయ్యి ఎత్తలే."

"నువ్వు వదల్లేదు ఎల్లేశం. ఇవి దసరా తర్వాత దూరినవి" అంది రాజరాజేశ్వరి. ఆరు కార్డులూ అందుకుని, పైన అచ్చుపడిన అక్షరాలు చదువుతూ పోయింది. నాలుగో కార్డు దగ్గర ఆమె పెదవులు ఆగిపోయాయి.

"ఏమున్నదక్కా?"

"జాబితా అచ్చు కాగానే ఇంకో నకలు తీయమంటోంది. తొమ్మిదో నంబరు టేపు మీద పెట్టమంటోంది. పెట్టినట్టు ఎక్కడా నమోదు చేయొద్దంటోంది."

తొమ్మిదో నంబరు రఫ్ టేపు. పిల్లల పలక లాంటిది. ఎవరైనా రాసుకోవచ్చు, ఎవరైనా చదువుకోవచ్చు, సోమవారం పొద్దున తుడిచేస్తారు. గురువారం జాబితా దాని మీద పడితే, సోమవారం లోపల ఆ టేపు తిప్పుకున్నవాడి చేతిలో మూడూళ్ల భూములుంటాయి.

కనకలక్ష్మికి ఒక్కసారిగా ఊపిరాడింది. "చూసిన్రా? మిషనే చెప్పింది! నేను కాదు!"

రాజరాజేశ్వరి ముఖం మాత్రం తేటపడలేదు. "ఇది హఫీజ్‌పేట సంగతి కనకం. నల్లగండ్ల జాబితా దీనిలో నడవలేదు. కొత్తదానిలో నడిచింది. అందులో కూడా ఇలాంటివి దొరికితేనే నువ్వు బయటపడతావు."

"తే కాకా, కొత్తదాని కట్ట తే. ఉరుకు."

ఎల్లేశం వెళ్లి కొత్త మిషన్ కట్ట తెచ్చాడు. ముగ్గురూ దాని మీదికి వంగారు. పసుపు గీత ఈ చివర నుంచి ఆ చివరకు గట్టు వేసినట్టుంది. ఎక్కడా తెల్లదారం లేదు. కనకలక్ష్మి కట్టను వెలుతురులోకి తిప్పింది, పక్కలు చూసింది, వేలితో అంచు తడిమింది. గీత తెగలేదు.

గోడ గడియారం మూడూ ముప్పై అయిదు చూపిస్తోంది.

"సార్ అన్నట్టే ఉంది" అంది రాజరాజేశ్వరి మెల్లగా. "దీనిలో ఎవరూ ఏమీ పెట్టలేదు."

ఆమె గొంతులో ఏదో తొందర. అది కనకలక్ష్మికి వినిపించింది గాని, పట్టించుకునే స్థితిలో లేదు. ఆమె కళ్ల ముందు నాన్న గొర్రెల దొడ్డి తడిక ఉంది. సాయంత్రం మంద దొడ్లోకి పోతుంటే పోచయ్య తడిక దగ్గర నిలబడి ఒక్కొక్కదాని వీపు మీద చెయ్యి వేసి లెక్కపెడతాడు. ఒకటి తగ్గితే వెతకబోతాడు. ఒకటి ఎక్కువైతే ఇంకా కంగారు పడతాడు. ఎవరి గొర్రె కలిసిందో తేలకపోతే తెల్లారి పంచాయితీ తప్పదు. ఎన్ని చూసినా అన్నీ తెల్ల గొర్రెలే. రంగు చూసి ఆయన ఎప్పుడూ నమ్మడు.

"లెక్కపెడదామక్కా."

"ఏమిటి?"

"కార్డులు. ఈ కట్ట పంచ్ చేసింది నేనే. నువ్వు రాసిచ్చిన కోడింగ్ షీట్లు తొమ్మిది. షీటుకు ఇరవై నాలుగు లైన్లు. ఆఖరి షీట్ల పదకొండే. లైనుకొక కార్డు. రిజిస్టర్ల రాసిన, రెండు వందల మూడు."

"కనకం, టైము లేదు..."

"నువ్వు అటు సగం, నేను ఇటు సగం. కాకా, నువ్వు మెట్ల దిక్కు సూడు."

కనకలక్ష్మి వేళ్లు కార్డుల మీద నోట్లు లెక్కించే బ్యాంకు గుమాస్తా వేళ్ల కంటే జోరుగా నడిచాయి. నూటొకటి దగ్గర ఎల్లేశం, "బిడ్డా, రోడ్డు మీద జీపు దుమ్ము కనవడ్తుంది" అన్నాడు. లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టింది. చేతుల్లో చెమట పట్టి కార్డులు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. చీర కొంగుకు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టింది.

"నాది నూట ఆరు. నీదక్కా?"

రాజరాజేశ్వరి తన సగాన్ని ఇంకోసారి లెక్కపెట్టింది. "నూట నాలుగు" అంది చివరికి.

రెండు వందల పది. మూడు రావలసిన చోట పది. ఏడు ఎక్కువ, అన్నిటి మీదా పసుపు.

పాత కట్టలోవి పూజ తర్వాత దూరాయి గనక తెల్లగా పట్టుబడ్డాయి. ఇవి పూజకు ముందే లోపల ఉన్నాయి. ఎల్లేశం రెండు వేళ్లతో వీటికీ పసుపు రాశాడు. తను పక్కన నిలబడి వీటికీ హారతి కళ్లకద్దుకుంది. అందుకే గీత తెగలేదు.

"నా కార్డులు నేను గుర్తుపడత. నా పంచ్ మిషన్ రిబ్బను పాతది, అచ్చరాలు మసకగ పడతయి. ఏరే మిషన్ మీద కొట్టినయైతే నల్లగుంటయి. ఒక్కొక్కటి ఏరుత..." ఆమె కట్ట మొదటి నుంచి కార్డులు తిప్పడం మొదలుపెట్టింది.

"వెతక్కు కనకం."

కనకలక్ష్మి తలెత్తింది.

రాజరాజేశ్వరి కుర్చీలో కూర్చుండిపోయి ఉంది. "చివర్నుంచి చూడు. పన్నెండోది దగ్గర మొదలవుతాయి. వరసగా ఏడు. అవి నేను రాసినవే."

కనకలక్ష్మి చివర్నుంచి లెక్కపెట్టింది. పన్నెండో కార్డు మీద అక్షరాలు కాటుక పెట్టినట్టు నల్లగా ఉన్నాయి.

"నువ్వా అక్కా?"

"దొంగతనానికి కాదే. అమ్మతోడు." బందరు యాస ఆమె గొంతులోకి దూసుకొచ్చింది. "జాబితా ఎప్పటికైనా దీని మీదికే వస్తుందని ప్రోగ్రాం ముందే సిద్ధం చేశాం కదా, మిషన్ కొత్తది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. నడుమ ఆగిపోతే జాబితా అంతా మళ్లీ మొదట్నుంచి చేసుకోవాలి. ఒక నకలు రఫ్ టేపు మీద దాచుకుంటే భద్రం అనుకున్నా. ఏడు కార్డులు నేనే రాసి, నా గదిలో మిషన్ మీద నేనే కొట్టి పెట్టేశా. అనుమతి అడిగితే ఆయన ఆరు నెలలు కాగితాలు తిప్పుతారని ఎవరికీ చెప్పలేదు. నల్లగండ్ల జాబితా పోయిన రోజు నుంచీ నిద్ర లేదు. ఇవేనేమో అని భయం. విప్పి చూద్దామని ఆయన్ని అడిగాను గానీ, ఇవి నావి అని చెప్పడానికి నోరు రాలేదు."

"నేను ఠాణాకు వోతున్నా నోరు రాలేదా?"

రాజరాజేశ్వరి కళ్లనీళ్లు పెట్టుకుంది. కనకలక్ష్మికి ఆమెను కొట్టాలనిపించింది, పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. ఏడు కార్డులూ లాగి పిడికిట్లో పట్టుకుంది. ఇవి చూపిస్తే తను బయటపడుతుంది, నాన్న బయటపడతాడు, అక్క మునుగుతుంది. చూపించకపోతే అటుది ఇటు అవుతుంది.

అంతలో ఇంకో సంగతి తట్టింది. పాత కట్టలోని ఆరు కార్డులు, ఈ ఏడు కార్డులు చేసే పని ఒక్కటే. టేపు కూడా అదే తొమ్మిదో నంబరు.

"అక్కా, పాతదాంట్ల ఆరు కూడ నువ్వేనా?"

"కాదు. ఆ మిషన్ నేను ముట్టి ఏడాదయింది."

"అంటే నీ ఏడు కార్డులు ఎవరో సదివిన్రు. గా మిషన్ భాషల మార్చి, ఆరు చేసి, దసరా యెనక దాంట్ల వెట్టిన్రు. జాబితా ఇటు మారినంక వానికి ఆ పని గూడ లేకపాయె. నీది ముందుగాల్నే ఉన్నది గద." "నువ్వు ఎవ్వరికీ చెప్పలేదంటున్నవ్. మరి ఈ ఏడూ సదివినోడు ఎవడు?"

"సారు వస్తుండు!" అన్నాడు ఎల్లేశం, పాత కట్ట ట్రే ఎత్తి చేతిలోకి తీసుకుంటూ.

మెట్ల మీద బూట్ల చప్పుడు రెండు జతలది. తలుపు తెరుచుకుంది. ముందు భీమేశ్వరరావు, వెనక ఖాకీ రంగు సఫారీలో పొట్టిగా ఉన్న ఆఫీసరు. భీమేశ్వరరావు మొదట బల్ల మీది కాగితం చూశాడు. సంతకం లేదు, సిరా మరకొకటి ఉంది. తర్వాత ఆయన చూపు ఎల్లేశం ట్రేలో ఇంకా రద్దీకి పోని పాత కట్ట మీద పడింది. అక్కడి నుంచి కనకలక్ష్మి పిడికిలి మీదికి వచ్చి ఆగింది.

ఆ పిడికిట్లో ఉన్నది ఒక పలచని దొంతి. అగ్గిపుల్లంత మందం కూడా లేదు. నాలుగున్నాయో పదున్నాయో చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు.

"ఆఫీసరు గారి ముందు ఈ ఆటలేంటమ్మా?" అన్నాడు భీమేశ్వరరావు గొంతు పెంచకుండా. చేయి చాచాడు. "ఆ ఏడు కార్డులూ ఇటివ్వు."

రాజరాజేశ్వరి తలెత్తింది. ఎల్లేశం చేతిలో ట్రే ఒరిగి, పసుపు కట్ట జర్రున జారి నేలంతా పరుచుకుంది. ఎవరూ వంగి ఏరలేదు.

కనకలక్ష్మి చేయి వెనక్కి తీసుకుంది.

"మేము లెక్కవెట్టినప్పుడు మీరు గేటు కాడ ఉన్నరు సార్. ఏడని మీకెవరు చెప్పిన్రు?"

భీమేశ్వరరావు కళ్లజోడు తీశాడు. రుమాలు కోసం ఒక జేబు వెతికాడు, ఇంకో జేబు వెతికాడు.

వెనక నిలబడ్డ ఆఫీసరు వెనక్కి తిరిగి, తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టాడు.